విత్తనపు కోడె యెన్నిక – జీవపరిణామము

సంఘసభ్యులగు రైతులు ధాన్యపు విత్తనముల విషయమున మిక్కిలి శ్రద్ధ వహింతురు. కళ్లమునందే గట్టి గింజను వేరుచేసి, చక్కగా ఎండబెట్టి, వేపాకు కలిపి, తక్కిన ధాన్యముతో కలియకుండ దాచుదురు. తాలుగింజను విత్తనముగా వాడు రైతు నూటికొక్కడైనను ఉండడు. కాని పశువుల విషయమున ఇంతటి జాగరూకత మనలో కానరాదు. ఎదకు వచ్చిన ఆవునకు దారిలో ఎదురైన కోడె యేదియో అదియే దూడకు తండ్రి యగుచున్నది. సంతకు తోలగా మిగిలిన పొట్టేలు ఏదియో అదియే మందకు విత్తనమగుచున్నది. గింజ చెడిన ఒక పంట చెడును. మరుసటి యేట మంచి గింజ తెచ్చి చల్లుకొనవచ్చును. విత్తనపు కోడె చెడ్డదైనచో ఆ నష్టము పదిపదునైదు సంవత్సరములు ఇంటిలో కట్టుకొయ్యకు కట్టబడియే యుండును.

ఈ వ్యాసమునందు మేము రెండు విషయములను కలిపి చెప్పదలచితిమి. ఒకటి, మనుష్యుడు పశువులను ఎన్నిక చేసి తెగలను ఏర్పరచుట. రెండవది, ప్రకృతియందు జీవులు కాలక్రమమున మార్పు చెందుట, దీనినే జీవపరిణామమందురు. ఈ రెండును వేర్వేరు విద్యలని పలువురు తలంతురు. కాని రెండింటి పద్ధతియు ఒక్కటియే. ఆ పద్ధతిని గ్రహించిన రైతు తన మంద యేల బాగుపడుచున్నదో, యేల క్షీణించుచున్నదో తానే తెలిసికొనగలడు.

భేదము, పోలిక, ఎన్నిక

ఒకే ఆవు, ఒకే కోడెకు నాలుగు ఈతలు ఈనినను నాలుగు దూడలును ఒక్కతీరుగ నుండవు. ఒకటి పొడవు, ఒకటి పొట్టి. ఒకటి సాధువు, ఒకటి పొగరుబోతు. ఒకటి శేరు పాలెక్కువ యిచ్చును, ఒకటి త్వరగా వట్టిపోవును. ఇది భేదము. ఈ భేదములలో కొన్ని మేతవలనను, రోగమువలనను కలుగును. కొన్ని పుట్టుకతో వచ్చును. పుట్టుకతో వచ్చినవి బిడ్డలకు సంక్రమించును. తల్లి పోలిక, తాత పోలిక అని మన పెద్దలు చెప్పునది ఇదియే. మూడవది ఎన్నిక. మందలో నున్న పశువులన్నియు సమానముగా సంతానమును కనవు. కొన్ని యెక్కువగా కనును, కొన్ని తక్కువగా కనును, కొన్ని కననే కనవు. ఎక్కువగా కన్నవాని పోలిక తరువాతి తరమునందు పెరుగును.

భేదము, పోలిక, ఎన్నిక అను ఈ మూడును కూడినచోట మార్పు తప్పదు. ఎన్నిక చేయువాడు రైతైనచో ఆ మార్పును పశువుల అభివృద్ధి యందుము. ఎండ, కరవు, వ్యాధి, క్రూరమృగము ఆ పని చేసినచో ప్రకృతి వరణమందుము. వరణమనగా ఎన్నికయే.

ఇచ్చట నొక్క హెచ్చరిక. కంటికి కనబడు గుణమంతయు పుట్టుకది కాదు. పాల దిగుబడిలో పశువునకును పశువునకును గల తేడాలో సుమారు నాలుగవ వంతు మాత్రమే బిడ్డలకు సంక్రమించునట్టిది. తక్కినది మేత, నీరు, ఋతువు, ఎన్నవ యీత యనునది, కాపరి శ్రద్ధ మొదలగువాని వలన కలుగును. ఉలవలు, తెలగపిండి పెట్టి మేపిన కోడె నిగనిగలాడుచుండుట చూచి మోసపోరాదు. ఆ నిగనిగ తెలగపిండిది, దూడకు రాదు.

బేక్‌వెల్ చేసిన పని

ఈ పద్ధతిని తెలిసి తెలిసి పట్టుదలతో అమలు జరిపినవారిలో ఇంగ్లండు దేశపు రైతు రాబర్ట్ బేక్‌వెల్ పేరెన్నిక గన్నవాడు. ఆయన 1725లో జన్మించి 1795లో మరణించెను. లెస్టర్ మండలమున డిష్లీ యను గ్రామమునందు ఆయన వ్యవసాయము. ఆ కాలమున గొఱ్ఱెల మందలో పోతులును పెంటులును విచ్చలవిడిగా కలిసి తిరుగుచుండెడివి. బేక్‌వెల్ పోతులను వేరుచేసి, తాను కోరిన గుణములు గల పోతును కోరిన గొఱ్ఱెలతోనే కలుపుచు వచ్చెను. ఎముక సన్నముగా నుండి, త్వరగా కండపట్టు గొఱ్ఱె ఆయనకు కావలసినది. తన పొట్టేళ్లను అమ్మక, ఒక్కొక్క కారునకు ఇతర రైతులకు బాడుగ కిచ్చెడివాడు. ఇందువలన ధనము వచ్చుటయే గాక మరియొక లాభము కలిగెను. ఏ పొట్టేలు పిల్లలు ఎట్లున్నవో ఇతరుల మందలలో చూచి, మేలైన పిల్లలనిచ్చిన పొట్టేలును మరల తన మందకు తెచ్చుకొనెడివాడు. తండ్రిని రూపమును బట్టి కాక సంతానమును బట్టి పరీక్షించు ఈ విధానమే నేటి పశుసంవర్ధన కేంద్రములకు ఆధారము. కోడె పాలీయదు గదా. దాని పాలగుణమును దాని కుమార్తెల పొదుగునందే కొలవవలయును.

బేక్‌వెల్ పెంచిన పొడుగుకొమ్ముల ఆవుల చరిత్రయు రైతులకు గుణపాఠమే. మాంసమునకు, క్రొవ్వునకు మాత్రమే ఎన్నిక చేయగా, ఆ తెగలో పాలు తగ్గెను, ఈతలును తగ్గెను. కొలది కాలములోనే వేరొక పొట్టికొమ్ముల తెగ దాని స్థానము నాక్రమించెను.

డార్విన్ గమనించినది

చార్లెస్ డార్విన్ అను శాస్త్రజ్ఞుడు 1859లో జీవజాతుల పుట్టుకను గూర్చిన తన గ్రంథమును ప్రకటించెను. అది ప్రపంచమునంతటిని కదల్చిన గ్రంథము. అయినను దాని మొదటి అధ్యాయము అడవి మృగములను గూర్చినది కాదు. పెంపుడు జంతువులను గూర్చినది. డార్విన్ స్వయముగా పావురములను పెంచెను. లండను నగరమునందలి పావురముల పెంపకందార్ల సంఘములలో సభ్యుడుగా చేరి, వారి పద్ధతులను ఓపికతో తెలిసికొనెను. గొంతు బుడగవలె ఉబ్బించునది, తోక విసనకఱ్ఱవలె విచ్చునది, గాలిలో పల్టీలు కొట్టునది – ఇవియన్నియు కొండగుహలలో నివసించు ఒక్క అడవి పావురమునుండియే వచ్చినవని ఆయన నిరూపించెను.

ఆయన అదే గ్రంథమున గొఱ్ఱెల విషయమొకటి పేర్కొనెను. బక్లీ, బర్జెస్ అను ఇరువురు రైతులు బేక్‌వెల్ మందనుండి వచ్చిన గొఱ్ఱెలనే, ఇతర రక్తము కలియనీయక, 50 సంవత్సరములకు పైగా పెంచిరి. వేరు తెగను పుట్టింపవలెనను తలంపు ఇరువురికిని లేదు. అయినను కాలక్రమమున ఆ రెండు మందలును వేర్వేరు తెగలో యనునంతగా భేదించినవి. ఒక్కొక్కరు తమకు నచ్చిన గొఱ్ఱెను ఉంచుకొనుటయే దీనికి కారణము. ఉద్దేశము లేకున్నను ఎన్నిక తన పని తాను చేయునని దీనివలన తెలియుచున్నది. మనుష్యుడు ఏబది యేండ్లలో ఇంత మార్పు తేగలిగినచో, కోట్ల సంవత్సరముల కాలముగల ప్రకృతి ఎంత చేయగలదో యోచింపుడని డార్విన్ వాదము.

మూపురపు పశువు

మన పశువునే చూడుడు. ప్రపంచమునందలి గోవులు, ఎద్దులు అన్నియు పూర్వము అడవులలో తిరిగిన మహావృషభముల సంతతి. ఆ అడవిజాతిలో కడపటి పశువు 1627లో పోలండు దేశమున చనిపోయినది. ఈ జాతిని మనుష్యులు రెండుచోట్ల మచ్చిక చేసిరి. పడమటి ఆసియాలో సుమారు 10,000 సంవత్సరముల క్రిందట మచ్చిక చేసినది మూపురము లేని పశువు. సింధు పరీవాహమున సుమారు 8,000 సంవత్సరముల క్రిందట మచ్చిక చేసినది మన మూపురపు పశువు. ఈ రెండింటి పూర్వులును మచ్చికకు లక్షల సంవత్సరములకు ముందే వేరుపడిరి.

ఆ లక్షల సంవత్సరములలో ఎన్నిక చేసినది మనుష్యుడు కాదు, ఎండ. వేడిని తాళలేని పశువు బలహీనపడి దూడలను తక్కువగా కనెను. వేడిని తాళగలది ఎక్కువగా కనెను. అందుచేతనే మన పశువునకు చెమట గ్రంథులు మెండు, చర్మము వదులు, వెండ్రుక పొట్టి. పిడుదుల బాధకును అది సీమపశువు కంటె ఎక్కువగా ఓర్చుకొనును. ఈ గుణములను ఏ రైతును కోరి తెచ్చినవాడు కాడు. ప్రకృతి చేసిన ఎన్నికను మనము పిత్రార్జితముగా పొందితిమి.

కొత్త గుణము ఎచ్చటినుండి వచ్చును?

ఎన్నుకొనుటకు భేదముండవలెను గదా, ఆ భేదము ఎట్లు పుట్టునని సభ్యులు అడుగవచ్చును. అవసరమును బట్టి పుట్టునని కొందరు నమ్ముదురు. అలవాటు చేసినచో దూడకు వచ్చునని మరికొందరందురు. ఇది సరికాదు. మన దేశమున వేల సంవత్సరములనుండి ఆడపిల్లలకు చెవులు కుట్టుచున్నారు. నేటికిని చెవి కుట్టియున్న పిల్ల పుట్టలేదు. జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు వైజ్‌మన్ 1880 దశాబ్దమున ఎలుకల తోకలను తరతరమునకు కత్తిరించుచు, ఐదు తరములలో పుట్టిన 901 పిల్లలను పరీక్షించెను. తోక లేని పిల్ల ఒక్కటియు పుట్టలేదు.

నిజమైన కారణము జన్యువులలో నున్నది. తల్లినుండి సగము, తండ్రినుండి సగము జన్యువులు దూడకు చేరును. ఏ సగము చేరుననునది ఆ యీతకా యీత మారును గనుక తోబుట్టువులు భేదింతురు. దీని సూత్రములను బఠాణీ మొక్కలపై పరిశోధించి మెండెల్ అను ఆస్ట్రియా దేశపు సన్యాసి 1866లో ప్రకటించెను. 1900 వరకు లోకము దానిని గుర్తింపలేదు. ఇదిగాక జన్యువులు ప్రతి తరమునను నకలు చేయబడునపుడు అచ్చటచ్చట చిన్న తప్పులు దొరలును. ఈ మార్పులలో పెక్కింటివలన లాభమును లేదు, నష్టమును లేదు. కొన్ని కీడు చేయును. బహు కొలదిగా మేలు చేయును. ఈ మార్పు పశువు అవసరమును తెలిసి రాదు. వచ్చిన దానిలో పనికివచ్చునది నిలుచును, పనికిరానిది పోవును. కనుక రైతు కాని ప్రకృతి కాని కొత్త గుణమును ఆజ్ఞాపించి తెప్పింపజాలదు, ఉన్నదానినుండి ఏరుకొనవలసినదే.

తెగ వేరు, జాతి వేరు

వ్యవహారమున ఒంగోలు జాతి, పుంగనూరు జాతి యని చెప్పుదుము గాని, శాస్త్రరీతిని ఇవి గోజాతిలోని తెగలు మాత్రమే. ఏ రెండు తెగలను కలిపినను దూడ పుట్టును, ఆ దూడకును దూడ పుట్టును. గుఱ్ఱమును గాడిదయు అట్లు కాదు. వీని పూర్వులు సుమారు 40 లక్షల సంవత్సరముల క్రిందట వేరుపడిరి. గుఱ్ఱమునకు 64 క్రోమోసోములు, గాడిదకు 62. రెండింటికి పుట్టిన కంచరగాడిదకు 63 ఉండును. అది బరువు మోయును గాని సాధారణముగా సంతానమును కనదు. ఆవునకును దున్నకును అసలు దూడయే పుట్టదు. ఆవునకు 60, మన గేదెకు 50.

ఈ మూడును ఒక త్రోవలోని మూడు మజిలీలు. తెగలు నిన్న మొన్న వేరుపడినవి. గుఱ్ఱము, గాడిద చాల కాలము క్రిందట వేరుపడి, ఇంకను కొంత కలియుచున్నవి. ఆవు, గేదె మరియు పూర్వము వేరుపడి, ఇప్పుడు కలియజాలవు. మనుష్యుని ఎన్నిక కొన్ని వేల సంవత్సరములది గనుక తెగల వరకే వచ్చినది. పద్ధతి ఒక్కటియే యైనను కాలపరిమాణము వేరు.

ఒక పశువు, రెండు దేశములు

ఎన్నిక చేయు శక్తికి మన ఒంగోలు పశువును మించిన ఉదాహరణము లేదు. గుండ్లకమ్మ, మూసీ నదుల నడుమనున్న ప్రదేశము దీని పుట్టినిల్లు. అచ్చటి నల్లరేగడి నేలను దున్నుటకు బలమైన ఎద్దు కావలసివచ్చెను. జొన్నచొప్ప మేతగా లభించెను. దేవుని పేర విడిచిన అచ్చుపోసిన ఆంబోతు ఊరి మందకంతకు తండ్రి యగుచుండెను. మంచి కోడెదూడను ఏరి విడిచిన గ్రామమునందు మంద బాగుపడెను. అవిటి దూడను విడిచి చేతులు దులుపుకొన్న గ్రామమునందు మంద క్షీణించెను. ఈ విధముగా పొడవు, బలము, సాధుత్వము, ఎండకు తాళుట గల పశువు ఏర్పడినది.

పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఈ పశువులు బ్రెజిలు దేశమునకు ఓడలపై పోయినవి. అప్పుడు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో నుండెను. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినపుడు అందు చేరినది. అందువలన ఆ దేశమున దీనికి నెలోరి యను పేరు నిలిచినది. అచ్చట 1938లో వంశావళి పుస్తకమును ప్రారంభించిరి. 1960 దశాబ్దపు ప్రారంభమున మరికొన్ని పశువులను తీసికొనిపోయిరి. వానిలో ఒంగోలు చెంత కరవది గ్రామపు పేరుగల కర్వాది యను ఆంబోతు మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది. నేడు బ్రెజిలునందు 20 కోట్లకు మించిన పశువులు గలవు; వానిలో అధికభాగము నెలోరి తెగవి గాని, ఆ రక్తము కలిసినవి గాని. వయాటినా–19 అను నెలోరి ఆవులో మూడవ వంతు భాగమును 2023లో వేలము వేయగా పలికిన ధరనుబట్టి, ఆ యావు మొత్తపు వెల 43 లక్షల డాలర్లని లెక్కకు వచ్చెను. దాని బరువు సుమారు 1,100 కిలోలు.

ఆ దేశమువారికి కావలసినది నాగలి కాదు, మాంసము. వారు శీఘ్రముగా పెరుగు దూడను, చిన్న వయసుననే చూలు కట్టు పెయ్యను ఏరిరి. తూకములను పుస్తకములలో వ్రాసిరి. మన ప్రాంతమున నాగలికి, బండికి ఏరిరి. ట్రాక్టరు వచ్చిన పిదప ఆ యెన్నికకు ఆధారము సన్నగిల్లినది. నేడు బండలాగుడు పందెముల కొఱకు కొందరు ఔత్సాహికులు బలమైన కోడెలను పెంచుచున్నారు, ఇది మెచ్చదగినదే. కాని పందెము కోడెను పరీక్షించును గాని, దాని తల్లి పాలను, అక్కచెల్లెండ్ర ఈతలను పరీక్షింపదు. విత్తనము మనదే, దానికి వ్రాత లెక్క పెట్టి పెంచినవారు వేరొకరు.

ఒక్క గుణమును పట్టుకొనుటవలని కీడు

ఎన్నిక ఎంత బలమైనదో అంత ప్రమాదకరము కూడ. కెనడా దేశమున ఆల్బర్టా విశ్వవిద్యాలయమువారు 1957, 1978, 2005 సంవత్సరముల నాటి మూడు కోళ్ల తెగలను ఒకే మేతతో, ఒకే తీరున పెంచి, ఆ ఫలితమును 2014లో ప్రకటించిరి. 56 దినములకు మొదటిది 905 గ్రాములు, రెండవది 1,808 గ్రాములు, మూడవది 4,202 గ్రాములు తూగినవి. మేత ఒక్కటియే గనుక ఈ తేడా యంతయు ఎన్నిక ఫలమే. అయితే ఇట్టి కోళ్లలో కాళ్ల బలహీనతయు, గుండె జబ్బులును కనబడుచున్నవి. గ్రుడ్ల కొఱకు ఉంచు తల్లికోళ్లకు కడుపునిండ మేత పెట్టినచో స్థూలకాయము వచ్చి చెడిపోవును గనుక కొలిచి పెట్టవలసి వచ్చుచున్నది.

ఒకే తండ్రిని అతిగా వాడుటయు కీడే. అమెరికా దేశమున 1962లో పుట్టిన చీఫ్ అను హోల్‌స్టీన్ ఆంబోతు కుమార్తెలు విస్తారముగా పాలిచ్చుటచే దానిని విరివిగా వాడిరి. దానికి 16,000 మంది కుమార్తెలు, 5 లక్షల మంది మనుమరాండ్రు. దాని జన్యువులలో దాగిన యొక దోషము తల్లి, తండ్రి ఇరుప్రక్కలనుండి వచ్చిన పిండమును గర్భమునందే చంపును. ఒక ప్రక్కనుండి మాత్రమే వచ్చినంతకాలము అది బయటపడలేదు. వంశము పెరిగి, మనుమలును మనుమరాండ్రును తమలో తాము కలియగా బయటపడినది. ఈ దోషమువలన ప్రపంచమున సుమారు 5,25,000 చూళ్లు ఈసుకపోయినవని 2016లో శాస్త్రజ్ఞులు లెక్క వేసిరి. మంచి కోడె దొరికినదని ఊరంతయు దానినే పదేండ్లు వాడుట ఏల తగదో దీనివలన బోధపడగలదు. తండ్రికిని స్వంత కుమార్తెకును పుట్టిన దూడలో, ఏ జన్యువునకైనను రెండు ప్రతులును ఒకే పూర్వునివి యగుటకు నాలుగింట నొక పాలు అవకాశము గలదు.

తెలియక చేయు ఎన్నిక

ఇంతవరకు చెప్పినది కోరి చేయు ఎన్నిక. తెలియక చేయునది ఇంతకంటె హాని చేయును. ఆఫ్రికాలో మొజాంబిక్ దేశమున 1977 మొదలు 1992 వరకు అంతర్యుద్ధము జరిగెను. దంతముల కొఱకు గొరొంగోసా అడవియందలి ఏనుగులను నూటికి తొంబదికి పైగా చంపిరి. పుట్టుకతో దంతములు లేని ఆడఏనుగులను వేటగాండ్రు విడిచిరి. యుద్ధమునకు ముందు ఆడఏనుగులలో నూటికి 18 లేక 19 మాత్రమే దంతములు లేనివి. యుద్ధమునుండి బ్రతికి బయటపడినవానిలో నూటికి 51. ఆ పిదప పుట్టిన ఆడపిల్లలలోను మూడవ వంతు దంతములు లేనివే. దంతములు లేని ఏనుగును పెంచవలెనని వేటగాడు తలపలేదు. మంచివానిని తీసికొనిపోయి, తక్కినవానిని తల్లులుగా మిగిల్చెను. అంతియే.

మన గ్రామములలో గొఱ్ఱెల కాపరులు సరిగా ఇదే చేయుచున్నారని చెప్పుటకు మేము విచారించుచున్నాము. బేరగాడు వచ్చి మందను చూచి, వేగముగా పెరిగి తూకముననున్న పొట్టేలుపిల్లకు మంచి ధర చెప్పును. అవసరముననున్న కాపరి దానిని అమ్మును. వెనుకబడి, గిడసబారి, ధర పలుకని పిల్ల మందలో మిగిలి, యెదిగి, వచ్చే సంవత్సరము పిల్లలకు తండ్రి యగును. ఈ ప్రకారము ప్రతి సంవత్సరమును శీఘ్రముగా పెరుగు రక్తమును కటికవానికిచ్చి, మెల్లగా పెరుగు రక్తమును విత్తనముగా దాచుకొనుచున్నాము. పదేండ్ల పిమ్మట మంద చిన్నబోయినదేమని, గడ్డిలో బలము తగ్గినదేమోయని, దిష్టి తగిలినదేమోయని వగచుచున్నాము. గడ్డి తగ్గుటయు నిజమే కావచ్చును; కాని ఎన్నిక తలక్రిందులైన సంగతి నెవ్వరును గమనించుట లేదు. గట్టి గింజనంతయు తిని తాలును చల్లిన రైతును ఊరంతయు నవ్వును. పొట్టేలు విషయమున అదే పని చేసిన నవ్వువాడు లేడు.

ఇట్లే ఒకే నట్టల మందును తక్కువ మోతాదున ఏటేట మరల మరల త్రాగించినచో, ఆ మందునకు చావని నట్టలు మాత్రమే మిగిలి సంతానమును పెంచును. కొన్నేండ్లకు మందు పనిచేయదు. నట్టల విషయమున ఎన్నిక చేసినవారము మనమే.

సంఘములు చేయదగినది

ఒక్కొక్క రైతు విడివిడిగా మంచి కోడెను కొని పోషించుట కష్టము. సంఘము కూడి చేసినచో సులభము. ఈ క్రింది పద్ధతులను సభ్యులు ఆలోచింతురు గాక.

1. మొదట గమ్యమును నిశ్చయింపవలెను. పాడికా, సేద్యమునకా, మాంసమునకా అని తేల్చుకొనక ఏరుట గమ్యము లేని ప్రయాణము. అయితే ఏ గమ్యమైనను, సక్రమముగా ఈనుటయు, కాళ్ల బలమును, మన ఎండకు తాళుటయు విడువరాదు.

2. కోడెను దాని తల్లి పాల లెక్కను బట్టియు, కుమార్తెలున్నచో వారి పాల లెక్కను బట్టియు ఎన్నుకొనవలెను. రంగు, కొమ్ములు, సుడులు తరువాత చూచుకొనవచ్చును.

3. నోటి లెక్క పనికిరాదు. సంఘమునందు ఒక పుస్తకముంచి, ప్రతి ఆవునకు ఎద తేది, ఈనిన తేది, దూడ తండ్రి, నెలకొకదినము కొలిచిన పాలు వ్రాయవలెను. సూదితో చూలు కట్టించినచో ఆ గొట్టముపైనున్న కోడె సంఖ్యను తప్పక వ్రాసికొనవలెను. తండ్రి యెవడో తెలియని దూడనుబట్టి ఏ కోడెనైనను పరీక్షింపజాలము.

4. కోడె కుమార్తెలు ఎదకు రాకమునుపే దానిని పొరుగు సంఘపు కోడెతో మార్చుకొనవలెను. కోడె పనికి వచ్చిన మూడేండ్లకు, పొట్టేలు వచ్చిన ఒకటిన్నర యేటికి మార్చుట మేలు.

5. ఎన్నుకొనని కోడెలకును, పొట్టేళ్లకును సకాలమున విత్తు కొట్టింపవలెను. మంచి కోడెను తెచ్చి, నాసి కోడెలను విడిచిపెట్టుట, గట్టు వేయక నీరు పెట్టుట వంటిది.

6. గొఱ్ఱెల మందలో 25 మొదలు 30 గొఱ్ఱెలకు ఒక పొట్టేలు చాలును. ఆ పొట్టేలును బేరగాడు రాకమునుపే ఏరుకొనవలెను. మూడు నెలల వయసున పిల్లలన్నిటిని తూచి, కవలగా పుట్టి బాగుగా పెరిగినవానికి మొదటి స్థానమిచ్చి, ఒకటి రెండింటికి చెవి గుర్తు వేసి, ధర యెంత చెప్పినను అమ్మకుండ ఉంచవలెను.

ఈ ఆరవ పద్ధతిని ఆచరించుటలో కష్టమును మేమెఱుగుదుము. ఇంటిలో పెండ్లియో, వైద్యమో, వడ్డీ గడువో వచ్చినపుడు ఎక్కువ ధర పలుకు పిల్లను ఉంచుకొని, తక్కువ ధర పలుకు పిల్లను అమ్ముమని కాపరికి నీతి చెప్పుట న్యాయము కాదు. అందుచేత ఈ భారమును సంఘము వహింపవలెను. ప్రతి మందలోను మేలైన పొట్టేలుపిల్లను సంఘమే సంతధరకు కొని, కాపరివద్దనే మేపుటకు ఉంచి, పని తీరిన పిమ్మట అమ్మి సొమ్ము రాబట్టుకొనవచ్చును. పెట్టిన సొమ్ములో అధికభాగము తిరిగి వచ్చును. రక్తము మందలో నిలుచును. కాపరికి అవసరమునకు ధనమును అందును.

రాబోవు సంతకు పిల్లలను తోలకమునుపే సంఘపు కార్యవర్గము సమావేశమై, కనీసము రెండు మందలలోనైనను ఈ యేర్పాటును ప్రారంభించుట మంచిది.